లక్కపలకల మీది పద్యం

"నాటక పద్యాలు వినాలని ఉంది. శుభ్రంగా రికార్డయిన ఆల్బం ఏదైనా ఉంటే చెప్పగలరా?" అని ఎవరైనా అడిగితే మన పెద్దలు ముందు కొంచెం నొచ్చుకొంటారు. స్థానం వారి గొంతు వినబోతూ శుభ్రత గురించి అడగడమేమిటని వారి భావం. గరగర ఉంటే ఉంటుంది, పాడినదెవరో చూసుకో, దొరికినదే మహాభాగ్యమనుకో అంటారు. అడిగినవాడు సంకోచంతో ఊరుకొంటాడు. అంతర్జాలంలో ఒకటి రెండు దస్త్రాలు వింటాడు. నూతిలోంచి ఎవరో కేకవేస్తున్నట్లు వినిపిస్తుంది. "ఇదేనా మీరు ఇంతగా చెప్పిన పద్యం!" అనుకొని ఇక ఆ జోలికి పోడు.

ఆ ప్రశ్న చాలా సరైనదని ఈ టపాలో నా వాదన. పద్యం విషయంలో రికార్డింగు నాణ్యత పద్యానికి బయట ఉండే సౌఖ్యం కాదు, పద్యంలో భాగమే. ఆ సంగతి ఒప్పుకోకపోవడం వలన మన నాటక పద్యాన్ని భద్రపరుస్తున్నామన్న భ్రమలోనే పోగొట్టుకొంటున్నాము.

ముందు ఊళ్ళ సంగతి. తెనాలి, బాపట్ల, రేపల్లె అనే మూడు పేర్లు ఒకచోట చెబితే రైలు ప్రయాణికునికి గుర్తువచ్చేది తెనాలి జంక్షను. అక్కడి నుంచి ఒక దారి బాపట్ల మీదుగా మద్రాసుకు పోతుంది, మరొకటి రేపల్లె దగ్గర ఆగిపోతుంది. నాటకాభిమానికి మాత్రం ఈ మూడూ కలిసి ఒక రంగస్థలం. స్త్రీపాత్రధారణలో సాటిలేని స్థానం నరసింహారావు గారు 1902లో బాపట్లలో పుట్టారు. తెనాలి శ్రీరామ విలాస సభ ఆయన కీర్తికి వేదిక అయింది. సత్య హరిశ్చంద్రీయం వ్రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది బాపట్ల తాలూకాలోని ఇటికంపాడు. ఈలపాట రఘురామయ్య గారి జన్మస్థలం గుంటూరు జిల్లా సుద్దపల్లి. దుర్యోధనుడుగా గర్జించిన మాధవపెద్ది వెంకట్రామయ్య గారిది బ్రాహ్మణకోడూరు. తరువాత సినిమాలలో పద్యానికి ఒక కండ తెచ్చిన మాధవపెద్ది సత్యం గారిదీ ఆ ఊరే. తెనాలిలో వైద్యం చేస్తూ నటించిన గోవిందరాజుల సుబ్బారావు గారిని 1955 నాటి కన్యాశుల్కం చిత్రంలో లుబ్ధావధానులుగా మనమందరం చూశాము.

రేపల్లె పేరులోనే కృష్ణుడున్నాడు. మన కావ్యాలలో వ్రేపల్లె అంటే గోపాలుని ఊరు. పౌరాణిక నాటకానికి కృష్ణపాత్రే ఆయువుపట్టు కనుక ఈ పోలిక నాకు ముచ్చటగా ఉంటుంది. రైలు ఆగిపోయిన చోటు నుంచి కాలువగట్ల వెంట, సముద్రం దాకా ఉన్న ఊళ్ళలో నాటకాన్ని బ్రతికించినవి శ్రీరామనవమి పందిళ్ళు, శివరాత్రి జాగరణలు, కంట్రాక్టు నాటకాలు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల వేరే జిల్లా అయి రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. పద్యానికి ఈ సరిహద్దు పట్టదు. అయితే వారసత్వాన్ని కాపాడే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు ఎవరికి వారు పక్క జిల్లా వైపు చూడడానికి ఇది మరొక సాకు కాకూడదు.

ఇంత సంపద ఉన్న నేల మీద పుట్టినవాడు, ఆ పద్యాలను హాయిగా వినడానికి అనువైన రికార్డింగుల పట్టిక ఒకటి ఇమ్మని అడిగితే మన దగ్గర లేదు. గాయకుల చరిత్రలున్నాయి, సన్మాన సంచికలున్నాయి. ఏ పద్యం ఏ రికార్డింగులో స్పష్టంగా వినిపిస్తుందో చెప్పే పుట మాత్రం నాకు కనిపించలేదు.

ఇప్పుడు కొంచెం దూరదేశానికి పోదాము. అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరంలో పుట్టిన తొలినాటి జాజ్ సంగీతాన్ని డిక్సీల్యాండ్ అంటారు. కార్నెట్టు పాట నడుపుతూ ఉంటే క్లారినెట్టు దాని చుట్టూ తీగలా అల్లుకొంటుంది, ట్రాంబోను క్రింద నుంచి ఆసరా ఇస్తుంది. ముగ్గురూ ఒకేసారి, ఎవరి మనోధర్మం వారిదిగా వాయిస్తారు. రికార్డింగు మసకబారితే ముగ్గురూ కలిసి ఒక గోల అవుతారు. అందుచేత ఆ సంగీతాన్ని ప్రేమించేవారికి మంచి రికార్డింగును వెదకడం ఒక వ్యాపకం.

వారి పాత రికార్డుల కథ మన కథకు చాలా దగ్గరగా ఉంటుంది. జాజ్ పేరుతో వెలువడిన మొదటి రికార్డు ఒరిజినల్ డిక్సీల్యాండ్ జాజ్ బ్యాండు వారిది. 1917 ఫిబ్రవరిలో విక్టర్ సంస్థ దానిని రికార్డు చేసింది. అప్పటికి మైక్రోఫోను వాడుక లేదు. వాద్యకారులంతా ఒక పెద్ద బూరా ముందు నిలబడి వాయించేవారు. ఆ ధ్వని తాకిడికే సూది కదిలి మైనం మీద గాడి గీసేది. పెద్ద డ్రమ్ము కొడితే సూది ఎగిరిపోతుందని కొయ్యముక్కల మీద తాళం వేయించేవారు. 1923లో కింగ్ ఆలివర్ బృందం ఇండియానా రాష్ట్రంలోని రిచ్మండ్‌లో జెనెట్ సంస్థకు వాయించినప్పుడు కుర్రవాడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్టు మిగిలినవారిని మింగివేస్తున్నదని అతనిని బూరాకు దూరంగా నిలబెట్టారని చెప్పుకొంటారు. ఆ స్టూడియో పక్కనే రైలు పట్టాలు ఉండేవి. రైలు వెళ్ళేటప్పుడు రికార్డింగు ఆపక తప్పేది కాదు.

1925లో విద్యుత్తుతో, మైక్రోఫోనుతో రికార్డు చేయడం మొదలైంది. బూరా పద్ధతిలో రెండున్నర వేల హెర్ట్‌జులకు అటూ ఇటూగా ఆగిపోయిన ధ్వని, మైక్రోఫోనుతో ఐదారు వేల దాకా అందింది. ఆ తరువాత 1957 చివరిలో ఆడియో ఫిడెలిటీ అనే చిన్న సంస్థ స్టీరియో ఎల్.పి.ని మొట్టమొదట పెద్ద ఎత్తున అచ్చువేసింది. ఒక వైపు డ్యూక్స్ ఆఫ్ డిక్సీల్యాండ్ అనే బృందం వాద్యం, రెండవ వైపు రైళ్ళ చప్పుళ్ళు! ఒకప్పుడు రికార్డింగుకు అడ్డమైన రైలే చివరికి రికార్డుకు ఎక్కింది. జంక్షను పక్కన బ్రతికే తెనాలి వారు ఈ సంగతికి నాకన్నా ఎక్కువ సంతోషించాలి.

ఇక మన సంగతి. గ్రామఫోను కంపెనీ వారు భారతదేశంలో తొలిసారి రికార్డు చేసినది 1902లో, కలకత్తాలో. స్థానం వారు పుట్టినదీ ఆ ఏడే. అంటే బాపట్లలో పుట్టిన ఆ శిశువూ, మన దేశపు గ్రామఫోను ప్లేటూ ఒక ఈడువారు. ఆ ప్లేట్లు లక్కతో చేసినవి. లక్క పాలు తక్కువే, మిగిలినదంతా రాతిపొడి, మసి. సూది బరువును తట్టుకోవడానికి వేసిన ఆ రాతిపొడే మనం వినే గరగరలో పెద్ద భాగం. పాండవులను లక్క ఇంట్లో పెట్టి కాల్చబోతే బయటపడ్డారు. పాండవుల పద్యాలను మాత్రం మనం లక్కపలకలలోనే వదిలివేసి, ఏ అటకమీదనో పగిలిపోనిస్తున్నాము.

బూరా పద్ధతికి మన నాటక గాయకులు సరిపోయిన మనుషులు. మైకులేని రోజులలో చివరి వరుసలో నేలమీద కూర్చున్నవాడికి కూడా మాట అందేలా హెచ్చు శ్రుతిలో పాడిన కంఠాలవి. న్యూ ఆర్లియన్సు వీధులలో ఊరేగింపుల ముందు ఊదిన కార్నెట్టుకూ, కాలువగట్టు మీది పందిట్లో ఎత్తుకొన్న సీసానికీ అవసరం ఒకటే: గాలిని చీల్చుకొని పోవాలి. కనుక గొంతు రికార్డయింది. ఇబ్బంది వచ్చినది అక్షరాల దగ్గర.

పద్యమంటే రాగం మాత్రమే కాదు. యతి ఉంది, ప్రాస ఉంది. అచ్చుల నాదం క్రింది స్థాయిలలో ఉంటుంది కనుక పాత ప్లేటు కూడా దానిని బాగానే మోస్తుంది. హల్లుల పదును మాత్రం పై స్థాయిలలో ఉంటుంది. స, శ, ష ల భేదం, ఒత్తక్షరంలోని ఊపిరి, ప కీ త కీ మధ్య ఉన్న చిన్న విస్ఫోటం, ఇవన్నీ రెండు మూడు వేల హెర్ట్‌జులకు పైబడిన సంగతులు. పాత టెలిఫోనులో ఊరి పేరు చెప్పి, మళ్ళీ అక్షరం అక్షరం విడమరచి చెప్పవలసి వచ్చేది కదా, కారణం అదే: టెలిఫోను మూడున్నర వేల దగ్గర కోసివేసేది. యతిస్థానంలో చకారానికి శకారం పలికినప్పుడు చెవికి తగిలే ఆ చిన్న మెరుపు వినబడకపోతే పద్యం ఛందస్సు కోల్పోయిన ఆలాపన అవుతుంది. ఆలాపనకు తలలూపే శ్రోత దొరుకుతాడు, పద్యం మాత్రం అతనికి దొరకదు. జాషువా గారి శ్మశాన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలోకి వచ్చి కాటిసీనుకు ప్రాణమయ్యాయి. ఆ పద్యాలలో మాట వినబడకుండా కేవలం రాగమే వినబడితే కవి ఎందుకు ఏడ్చాడో, ఎవరి తరఫున ప్రశ్నించాడో ఎవరికి తెలుస్తుంది?

ఇందుకు ఒక వినోదకరమైన మినహాయింపు రఘురామయ్య గారి ఈల. మనిషి ఈల ఇంచుమించు ఒకే స్వరం గల శుద్ధ నాదం, చాలావరకు వెయ్యి నుంచి మూడు వేల హెర్ట్‌జుల మధ్య తిరుగుతుంది. అంటే పాత ప్లేటుకు నచ్చిన ఇరుకు దారిలోనే నడుస్తుంది. అందుకే గరగరల మధ్య కూడా ఆయన ఈల నిన్న వేసినట్లుంటుంది, అదే ప్లేటులో ఆయన మాట డెబ్బై ఎనభై ఏళ్ళ ముసుగు కప్పుకొని వస్తుంది. ఈల విని తృప్తిపడి మాటను మరచిపోతే మనం ఆయనను సగమే విన్నట్లు.

కాలం కూడా ఒక ఇరుకు. పది అంగుళాల ప్లేటుకు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు. రంగస్థలం మీద ఒక్క సీసానికి అంతకు ఎన్నో రెట్లు తీసుకొని, వన్స్‌మోర్ అంటే మళ్ళీ ఎత్తుకొన్నవారు, ఈ మూడు నిమిషాలలో రాగాన్ని మడిచి పెట్టవలసి వచ్చింది. కనుక ప్లేటు మీది పద్యం నాటకంలోని పద్యానికి నకలు కాదు, దాని సంక్షేపం. ఇది లోపమని నేననను. జాజ్ వారి మూడు నిమిషాల రికార్డులలో అనవసరమైన స్వరం ఒక్కటీ లేదని మెచ్చుకొనే వారున్నారు. మన ప్లేట్లలోనూ ఆ బిగువు ఉంది. అయితే వినేవాడికి ఆ తేడా తెలిసి ఉండాలి.

మరి ఈ రోజు వినదలచినవాడు ఎక్కడ మొదలుపెట్టాలి? నా అభిప్రాయం చెబుతాను.

మొదటి మెట్టు స్టూడియో పద్యం. కరుణశ్రీ గారి పుష్పవిలాపం ఘంటసాల వారి గొంతులో వినండి. నాటకం కాదు, కానీ పద్యంలో మాట ఎంత స్పష్టంగా వినబడవచ్చునో చెవికి ఒక కొలబద్ద ఏర్పడుతుంది. తరువాత నర్తనశాల (1963), సత్య హరిశ్చంద్ర (1965), శ్రీకృష్ణ తులాభారం (1966) వంటి చిత్రాలలోని పద్యాలు. ఇక్కడ మాట, రాగం రెండూ నిలుస్తాయి.

అయితే ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. స్థానం వారు సత్యభామగా పాడి ప్రసిద్ధికి తెచ్చిన మీరజాలగలడా పాటను 1966 చిత్రంలో సుశీల గారు పాడారు. రికార్డింగుగా చూస్తే రెండింటికీ పోలికే లేదు, సినిమాదే పైచేయి. కానీ ఒక పురుషుడు స్త్రీగా నిలబడి, సవాలునూ సొగసునూ ఒకే విరుపులో పలికించిన నటన సినిమా పాటలో ఉండే అవకాశమే లేదు. బాగా రికార్డయినది, బాగా పాడినది అనే రెండు కొలతలూ ఎప్పుడూ ఒకచోట కలవవు. కలవనప్పుడు రెండూ వినాలి, మొదట స్పష్టమైనది, ఆ తరువాత మసకది. మాట ముందే చెవిలో ఉంటే మసకలో కూడా దానిని పోల్చుకోగలము.

రెండవ మెట్టు పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయ రాజు, ఎ.వి. సుబ్బారావు, డి.వి. సుబ్బారావు గార్ల తరం. వీరి పద్యాలు కాసెట్ల కాలంలో మన జిల్లాలలో ఇంటింటా మ్రోగాయి. కంఠాలు దగ్గరగా, నిండుగా వినిపిస్తాయి. అయితే ఆ కాలపు కాసెట్లలో చాలావాటికి ప్రతిధ్వని పిచ్చి పట్టింది. గొంతు చుట్టూ గుహ కట్టి, హార్మోనియాన్ని నెత్తికెక్కించిన రికార్డింగులకన్నా కాస్త గరగర ఉన్నా పొడిగా ఉన్న రికార్డింగు మేలని నేనంటాను. మూడవ మెట్టు లక్కపలకలు: స్థానం, రఘురామయ్య, కపిలవాయి రామనాథశాస్త్రి. ఇక్కడికి వచ్చేసరికి శ్రోత చెవి సిద్ధమై ఉంటుంది. తలక్రిందులుగా మొదలుపెట్టించి, కుర్రవాళ్ళకు అభిరుచి లేదని నిందించడం న్యాయం కాదు.

ఒకే పద్యానికి నాలుగు దస్త్రాలు కనిపించినప్పుడు ఏది మంచిదో తేల్చుకోవడానికి నాలుగు పరీక్షలు చాలు.

మొదటిది హల్లు పరీక్ష. సకార శకారాలు విడివిడిగా వినబడుతున్నాయా?

రెండవది శ్రుతి పరీక్ష. పాత ప్లేట్లన్నీ నిమిషానికి కచ్చితంగా 78 చుట్లతో రికార్డయినవి కావు. 74 చుట్లతో గీసినదానిని 78తో త్రిప్పితే హార్మోనియం పెట్టె మీద దాదాపు ఒక మెట్టు పైకి పోతుంది. గొంతు సన్నబడి, గమకం తొందరపడుతుంది. "అంత హెచ్చు శ్రుతిలో పాడేవారా!" అని మనం ఆశ్చర్యపడే సందర్భాలలో కొన్ని మోటారు మహిమలు కావచ్చును.

మూడవది మౌన పరీక్ష. పాదానికీ పాదానికీ మధ్య గాయకుడు ఊపిరి తీసుకొనే చోట ఏమి వినబడుతున్నది? సన్నని గరగర నిలకడగా ఉంటే ఆ నకలు నిజాయితీ గలది. అక్కడ నిశ్శబ్దం శ్మశానంలా ఉండి, మళ్ళీ గొంతు నీళ్ళలోంచి వచ్చినట్లుంటే ఎవరో యంత్రం చేత అతిగా కడిగించారని అర్థం. గరగర ఉండే స్థాయిలోనే హల్లుల పదును కూడా ఉంటుంది. ఒకదానిని గీకివేస్తే రెండవది కూడా పోతుంది.

నాలుగవది కొస పరీక్ష. తారస్థాయిలో ఆలాపన నిలిపిన చోట గొంతు చీలుతున్నదా? అరిగిన సూదితో వేల సార్లు త్రిప్పిన ప్లేటు అక్కడే దొరికిపోతుంది.

వీటికి తోడు ఒక మాట. పాత ప్లేట్లు ఏకధ్వనివి, అంటే మోనో. వాటికి కృత్రిమంగా రెండు చెవుల ముస్తాబు చేసిన నకళ్ళను నిస్సంకోచంగా వదిలివేయవచ్చును.

జాజ్ అభిమానులకు ఈ విచక్షణ నేర్పినవారు ఉన్నారు. ఇంగ్లాండులో జాన్ ఆర్.టి. డేవిస్ అనే సంగీతకారుడు పాత ప్లేట్ల నుంచి ధ్వనిని దింపడంలో జీవితం గడిపి 2004లో కన్నుమూశాడు. గరగరను చంపకుండా సంగీతాన్ని బ్రతికించినవాడని ఆయనకు పేరు. అక్కడి శ్రోతలు రికార్డు కొనేముందు గాయకుడెవరని అడిగినట్లే, ప్లేటు నుంచి దింపినదెవరని కూడా అడుగుతారు. మన పద్యాల దస్త్రాల క్రింద గాయకుని పేరే ఒక్కొక్కసారి తప్పుగా ఉంటుంది, ఇక హార్మోనిస్టు పేరు, ప్లేటు సంఖ్య, దింపినవారి పేరు అడిగే దిక్కేది?

నాకు ఎదురు రాగల అభ్యంతరాలు రెండు. గరగర లేకపోతే పాతదనపు రుచి ఉండదని కొందరంటారు. ఆ రుచి చిన్ననాట గ్రామఫోను పక్కన కూర్చున్నవారి జ్ఞాపకానిది, పద్యానిది కాదు. స్థానం వారి ఎదుట కూర్చున్న ప్రేక్షకునికి గరగర వినబడలేదు. ఆయన పాడినదానికి మనం ఎంత దగ్గరకు పోగలిగితే అంత గౌరవం చూపినట్లు. రెండవ అభ్యంతరం బలమైనది: ఉన్నవే పగిలిపోతుంటే నాణ్యత గురించి మాట్లాడడం విలాసం కాదా? ఎలాగో ఒకలాగ జాలంలోకి ఎక్కించడమే ముఖ్యం కదా? ఇందులో నిజముంది. ఏమీ లేకపోవడం కన్నా చెడ్డ నకలు మేలు. కానీ మనుషుల స్వభావం ఎటువంటిదంటే, ఒక నకలు ఎక్కగానే "అది ఉందిగా" అనుకొంటారు. అసలు ప్లేటు మీద శ్రద్ధ పోతుంది, అది పాతసామాను బండికి చేరుతుంది. చెడ్డ నకలు ఆ విధంగా అసలుకు మృత్యువు అవుతుంది. పెద్ద ఖర్చు లేకుండానే మంచి నకలు తీయగలిగిన కాలంలో ఈ నష్టానికి సాకు లేదు.

చట్టం కూడా మనకు కొంత అనుకూలంగానే ఉంది. భారతదేశంలో ధ్వనిముద్రణ మీద హక్కు, విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు. అంటే 1960కి ముందు వెలువడిన ప్లేట్లన్నిటి మీదా ధ్వనిముద్రణ హక్కు ముగిసింది. పద్యకర్త హక్కు వేరు, అది ఆయన మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు. పాండవోద్యోగ విజయాలు వ్రాసిన జంటకవులలో చెళ్ళపిళ్ళ వారు 1950లోను, బలిజేపల్లి వారు 1953లోను కాలధర్మం చెందారు కనుక ఆ రచనలు ఇప్పుడు అందరివీ. జాషువా గారు 1971లో గతించారు, ఆ పద్యాలకు 2031 చివరి వరకు గడువుంది. ఈ మాత్రం లెక్క తెలుసుకొంటే, ఏది నిర్భయంగా పంచుకోవచ్చునో, దేనికి అనుమతి అడగాలో తేలిపోతుంది. అమెరికాలో 1923కు ముందు వెలువడిన రికార్డులన్నీ 2022 జనవరి ఒకటిన ప్రజల సొత్తయ్యాయి. అక్కడి జాతీయ గ్రంథాలయం 2011 నుంచే విక్టర్ వారి పాత ప్లేట్లను ఉచితంగా వినిపిస్తున్నది. మన పద్యానికి అటువంటి ఇల్లు ఒకటి ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు.

ఇంట్లో ప్లేట్లున్నవారికి కొన్ని మనవులు. సారాయి కలిసిన ద్రవాలతో తుడవవద్దు, లక్క కరిగిపోతుంది. నిలువుగా నిలబెట్టి దాచండి, ఒకదానిమీద ఒకటి పేర్చవద్దు. ఎల్.పి. సూదితో 78 ప్లేటు వాయించవద్దు, ఆ గాడి దాదాపు మూడు రెట్లు వెడల్పు, దానికి తగిన సూది వేరే ఉంది. నకలు తీసేటప్పుడు 24 బిట్లు, 96 కిలోహెర్ట్‌జులతో, కుదించని దస్త్రంగా తీయండి. ధ్వని భాండాగారాలవారు పాటించే పద్ధతి అదే. శుభ్రం చేయదలిస్తే నకలుకు నకలు తీసి దానిమీద చేయండి, మొదటిదానిని ముట్టుకోవద్దు. రేపు ఇంతకన్నా మంచి పనిముట్టు వస్తుంది, అప్పటికి ముడి ధ్వని మిగిలి ఉండాలి. ప్లేటు మధ్యనున్న కాగితాన్ని రెండు వైపులా ఫొటో తీయండి, ఆ మూడు పంక్తులే మన చరిత్ర.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివరకు మిగిల్చాను. మంచి రికార్డింగులను వెదకడంతో పాటు వాటిని పుట్టించడం కూడా శ్రోతల పనే. 1940ల నాటికి న్యూ ఆర్లియన్సు తొలితరం వాద్యకారులు ముసలివారై, మరుగున పడి ఉన్నారు. బిల్ రసెల్ అనే అభిమాని 1944లో రికార్డింగు పరికరం మోసుకొని ఆ ఊరికి పోయి బంక్ జాన్సన్, జార్జ్ లూయీస్ వంటివారిని ఒక నాట్యశాలలో కూర్చోబెట్టి రికార్డు చేశాడు. దానికోసం తానే ఒక చిన్న సంస్థ పెట్టుకొన్నాడు. ఏ పెద్ద కంపెనీ చేతకాని పనిని ఒక అభిమాని చేశాడు.

మన ఊళ్ళలో నేటికీ రాయబారం పాడగల వృద్ధులున్నారు, కాటిసీను కంఠస్థంగా ఉన్న హార్మోనిస్టులున్నారు. వారి చివరి ప్రదర్శనలు ఇప్పుడు జాలంలోకి ఎక్కుతున్న తీరు మనకు తెలుసు. పందిరి చివర నిలబడిన చేతిఫోను, చీలిపోయే లౌడుస్పీకరు, పక్కన పకోడీల బేరం. 2020లలో రికార్డయిన పద్యం 1930ల ప్లేటుకన్నా అధ్వాన్నంగా వినబడడానికి సాంకేతిక కారణమేదీ లేదు, మన అశ్రద్ధ తప్ప. నాటకం ఆడని ఒక మధ్యాహ్నం, ఫ్యాను ఆపిన గదిలో, గాయకునికి ఒక మైకు, హార్మోనియానికి ఒక మైకు పెట్టి, మూడు నిమిషాల కట్టడి లేకుండా ఆయనకు ఇష్టమైన పది పద్యాలు పాడించితే చాలు. ఎవరు వ్రాసినదో, ఎవరి దగ్గర నేర్చుకొన్నారో, ఏ శ్రుతిలో పాడారో ఆయన నోటనే చెప్పించి చివర జతచేయాలి. ఆయనకు తగిన పారితోషికం చేతిలో పెట్టాలి. ఒక పెళ్ళిలో బాణసంచాకయ్యే ఖర్చులో నాలుగోవంతు కాదిది.

మిత్రులారా, మీ మీ ఊళ్ళలో అటువంటి గొంతు ఉంటే ఈ సంక్రాంతి సెలవులలోగా ఒక పూట కేటాయించండి. అటక మీద ప్లేట్లుంటే కనీసం వాటి కాగితాల ఫొటోలు తీసి మీ బ్లాగులో పెట్టండి. స్పష్టంగా వినబడే పద్యం మీకు తెలిసినది ఒక్కటున్నా, గాయకుడు, పద్యం, ఏ ప్లేటు, ఏ కాసెట్టు అన్న నాలుగు వివరాలతో ఇక్కడ వ్యాఖ్యగా వ్రాయండి. పాతిక పద్యాలు పోగైన రోజున, మంచి ఆల్బం చెప్పమని అడిగినవానికి మహాభాగ్యం గురించి ఉపన్యసించకుండా ఒక పట్టిక చేతిలో పెట్టగలుగుతాము.